పాత బెంజికి సింథటిక్ ఆయిల్ పోయొచ్చా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే సంగతి, పాత లగ్జరీ కారుకి సింథటిక్ ఆయిల్ వెయ్యొచ్చా వద్దా అని. అందుకే బ్రేకులు, ఏసీ, బ్యాటరీల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి ఉంచేసి ఈ నెల మొత్తం ఆయిల్‌కే ఇచ్చేస్తున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా, సింథటిక్కా (రసాయన పద్ధతుల్లో ప్రత్యేకంగా తయారుచేసిన ఆయిలా) మినరలా (ముడి చమురుని శుద్ధి చేసిన మామూలు ఆయిలా) అన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు గానీ అసలు చూడాల్సింది డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ చదవట్లేదు.

ప్రశ్న: సార్, నాది 1989 మెర్సిడెస్ 300ఈ, డబ్ల్యూ124 బాడీ. 2 లక్షల 30 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్లూ 15డబ్ల్యూ-40 మినరలే పోయిస్తున్నా. మా అబ్బాయేమో సింథటిక్ వేయించు నాన్నా అంటాడు, మెకానిక్కేమో అది పల్చగా ఉంటుంది సీళ్లన్నీ కారిపోతాయి అంటాడు. ఎవరి మాట వినాలి?

మీ మెకానిక్ భయం ఊరికే పుట్టింది కాదండీ, దాని వెనక ఒక కథ ఉంది. కార్ల కోసం సింథటిక్ ఆయిల్ మార్కెట్లోకి వచ్చింది 1970లలో, ఆమ్‌సాయిల్ 1972లో, మొబిల్ 1 అమెరికాలో 1974లో. ఆ తొలి రోజుల ఆయిళ్లతో నిజంగానే సీళ్ల గొడవలొచ్చాయి, సీళ్లంటే ఇంజిన్‌లోంచి ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు ముక్కలు. ఎందుకంటే పీఏఓ అనే సింథటిక్ బేస్ ఆయిల్‌కి రబ్బర్ని కొంచెం బిగదీసే గుణం ఉంటుంది, ఎస్టర్ అనే ఇంకో రకానికి రబ్బర్ని ఉబ్బించే గుణం ఉంటుంది, ఈ రెండూ సరిగ్గా సరిపోయేలా కలపకపోతే మినరల్ ఆయిల్‌కి అలవాటుపడ్డ పాత సీలు కుంచించుకుపోయి కారుతుంది. ఆ లెక్క కుదిరి దశాబ్దాలైంది. ఇప్పుడు పేరున్న ఏ ఆయిలైనా సీళ్ల రబ్బరు మీద టెస్టు పాసవ్వకుండా ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ), ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదార్ల సంఘం) రేటింగులు రావు. కానీ ఆ మాట మాత్రం గ్యారేజీల్లో గురువు నుంచి శిష్యుడికి అలాగే వస్తోంది.

ఇంక పల్చన సంగతి. ఇక్కడే అందరూ పొరబడతారు. 5డబ్ల్యూ-40 అన్నప్పుడు ఆ చివరి 40 ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40 మినరలైనా 5డబ్ల్యూ-40 సింథటిక్కైనా ఒకే హద్దుల్లో ఉండాలి, 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్యన. తేడా అంతా చల్లగా ఉన్నప్పుడే. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు 15డబ్ల్యూ ఆయిల్ మెల్లగా పాకుతూ ఇంజిన్ పైనుండే హెడ్ దాకా పోతుంది, 5డబ్ల్యూ తొందరగా పోతుంది, అంతే. పైగా చల్లటి 5డబ్ల్యూ ఆయిల్ కూడా వేడి మీదున్న అదే ఆయిల్ కంటే ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది కాబట్టి నీళ్లలా కారిపోతుందన్న మాటే తప్పు.

మరి సింథటిక్ వేశాక లీకైన బండ్లు లేవా అంటే ఉన్నాయి, నేనే చూశా. వాటిలో సీలు ఎప్పుడో గట్టిపడి పగిలిపోయి ఉంటుంది, ఆ పగులుని మడ్డి మూసేసి ఉంటుంది. కొత్త ఆయిల్‌లో ఉండే డిటర్జెంటు ఆ మడ్డిని కడిగేస్తుంది, అప్పటిదాకా దాక్కున్న లీకు బయటపడుతుంది. మంచి డిటర్జెంటున్న మినరల్ పోసినా కొన్నాళ్లకి అదే జరుగుతుంది.

కాబట్టి మీరు చెయ్యాల్సిన పని ఆయిల్ కొనడం కాదు, ముందు ఇంజిన్‌ని శుభ్రంగా తుడిపించి వారం తిప్పి లిఫ్ట్ మీదకెక్కించి చూడటం. మీ ఎం103 ఇంజిన్‌లో ముందు వైపు టైమింగ్ కవర్ పైన యూ ఆకారంలో ఒక రబ్బర్ సీల్ ఉంటుంది, ఆయిల్ అక్కడ్నుంచి కారడం చాలా మామూలు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా చూడండి. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యన తడి ఉంటే అది వెనక క్రాంక్ సీలు. అలాగే పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఒకసారి నీలం పొగ గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ స్టెమ్ సీళ్లు ఎండిపోయినట్టు, ఈ ఇంజిన్లకి అది వయసుతో వచ్చే జబ్బే. ఇవన్నీ పొడిగా ఉంటే ఏసీఈఏ ఏ3/బీ4 అని రాసి ఉన్న 5డబ్ల్యూ-40 గానీ 10డబ్ల్యూ-40 గానీ ధైర్యంగా పోసుకోండి, ఎంబీ 229.3 లేదా 229.5 అప్రూవల్ (మెర్సిడెస్ కంపెనీ తన కార్లకి పనికొస్తుందని ఒప్పుకున్న గుర్తు) ఉంటే ఇంకా మంచిది. తడిగా ఉంటే ముందు సీళ్లు మార్పించండి, సీళ్లు కారుతున్న ఇంజిన్‌లో ఖరీదైన ఆయిల్ పోస్తే నేల మీదకే పోతుంది.

ఇంకో సంగతి మనస్ఫూర్తిగా చెప్తున్నా. ఇన్నేళ్లూ టైముకి మినరల్ మార్చుకుంటూ 2 లక్షల 30 వేలు లాగించారంటే మీ బండికి అన్యాయమేం జరగలేదు. ఆ ఇంజిన్ డిజైన్ చేసిన రోజుల్లో మినరలే మామూలు ఆయిలు. సింథటిక్‌తో మీకు కలిసొచ్చేది చల్లటి స్టార్టింగులోనూ, గంటల తరబడి ట్రాఫిక్‌లో ఉడికిపోయినప్పుడు ఆయిల్ మాడిపోకుండా ఉండటంలోనూ. అది చిన్న లాభమేం కాదు గానీ వెయ్యకపోతే ఇంజిన్ పోతుందన్న కంగారు మాత్రం అక్కర్లేదు.

ప్రశ్న: అన్నా, నాది 2002 బీఎండబ్ల్యూ 530ఐ, ఈ39. 1500 కిలోమీటర్లకి లీటర్ ఆయిల్ తాగేస్తోంది. గ్యారేజీలో 20డబ్ల్యూ-50 పోస్తే తగ్గుతుందని పోసేశారు, కొంచెం తగ్గింది కూడా. ఇలాగే కంటిన్యూ అయిపోనా?

వద్దు తమ్ముడూ. చిక్కటి ఆయిల్ పోస్తే తాగడం తగ్గినట్టు కనిపిస్తుంది, నిజమే, కానీ జబ్బు అలాగే ఉంటుంది. మీ ఎం54 ఇంజిన్‌లో కామ్ టైమింగ్ మార్చే వానోస్ ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది, వాల్వుల్ని కదిపే హైడ్రాలిక్ ట్యాపెట్లు కూడా ఆయిల్‌తోనే నిండుతాయి. అలాంటి సన్నటి దారులున్న ఇంజిన్‌లో చల్లటి 20డబ్ల్యూ-50 తేనెలా కదులుతుంటే స్టార్ట్ చేసిన మొదటి సెకన్లలో పైభాగం ఎండుగానే తిరుగుతుంది. అరుగుదలలో ఎక్కువ భాగం జరిగేది ఆ టైములోనే.

ఈ ఇంజిన్ ఆయిల్ తాగుతోందంటే నేను మొదట చూసేది క్రాంక్‌కేస్ వెంటిలేషన్, అదే ఆయిల్ సెపరేటర్ వాల్వ్. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది, లోపలి డయాఫ్రమ్ చిరిగిపోతే ఇంజిన్ తన ఆయిల్‌ని తనే పీల్చి కాల్చేస్తుంది. చిన్న పరీక్ష ఒకటుంది, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తియ్యండి, మూత లోపలికి లాక్కుంటున్నట్టు గట్టిగా పట్టేసుంటే, తియ్యగానే ఇంజిన్ తడబడితే అనుమానం దాని మీదే. అది బాగుంటే తర్వాత వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ చూడాలి, ఆ తర్వాతే పిస్టన్ మీద ఆయిల్ రింగుల సంగతి. ఈ ఇంజిన్లలో ఆయిల్ రింగులు మసి పట్టి అతుక్కుపోవడం కొత్తేం కాదు, చాలా వాటికి అరిగిపోవడం కంటే అతుక్కుపోవడమే అసలు కారణం. ఎక్కువ రోజులు ఆయిల్ మార్చకుండా నడిపిన బండ్లలో ఇది మరీ ఎక్కువ.

ఆయిల్ మాత్రం బీఎండబ్ల్యూ ఎల్ఎల్-01 అప్రూవల్ ఉన్నదే పోయండి, 5డబ్ల్యూ-40 లేదా 0డబ్ల్యూ-40. 0డబ్ల్యూ అనగానే భయపడొద్దు, పైన చెప్పా కదా వేడెక్కాక అదీ 40యే. ఎల్ఎల్-01 వచ్చిందంటే వేడిలో ఆవిరైపోయే గుణం తక్కువుందనీ, 150 డిగ్రీల దగ్గర నలిగినా కనీసం 3.5 మిల్లీపాస్కల్ సెకన్ల చిక్కదనంతో నిలబడుతుందనీ టెస్టు చేసినట్టు. ఆవిరవడం తగ్గితేనే తాగడం కొంత తగ్గుతుంది.

ఒకటి మర్చిపోవద్దు, 1500కి లీటర్ అంటే ఇంజిన్ చచ్చిపోయినట్టు కాదు, 1000 కిలోమీటర్లకి లీటర్ దాకా ఫర్వాలేదని రాసుకున్న తయారీదార్లున్నారు. ఇంజిన్‌ని చంపేది తాగడం కాదు, తాగుతున్నా డిప్‌స్టిక్ తీసి చూడకపోవడం. మీ సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) 6.5 లీటర్లు పడుతుంది కాబట్టి రెండు లీటర్లు తగ్గేదాకా చాలామందికి తెలియదు. ప్రతి రెండోసారి పెట్రోల్ కొట్టించినప్పుడు డిప్‌స్టిక్ తీయండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 1997 బీఎండబ్ల్యూ 740ఐ తీసుకున్నా. సర్వీసు రికార్డులేం లేవు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల నల్లగా జిగురుగా తారులా ఉంది. ఇంజిన్ ఫ్లష్ పోసి కడిగేసి, ఆ తర్వాత ఫుల్లీ సింథటిక్ పోస్తే క్లీనైపోతుందా?

ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ తప్పు నేనే ఒకసారి చేశా. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఇలాంటిదే ఒక పెద్ద కారొచ్చింది, మడ్డి నిండిపోయి ఉంది, నేను ఫ్లష్ పోసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో తిప్పి డ్రెయిన్ చేసి కొత్త ఆయిల్ పోసి ఇచ్చేశా. ఓనర్‌కి ఎంతో సంతోషం. రెండో రోజు ఆయిల్ లైట్ వెలిగింది. సంప్ విప్పి చూస్తే ఆయిల్ పంపు పీల్చుకునే జల్లెడ మొత్తం నల్లటి పెళ్లలతో మూసుకుపోయి ఉంది. ఆయన లైట్ చూడగానే ఇంజిన్ ఆపేశాడు కాబట్టి బేరింగులు బతికాయి, ఇంకో ఐదు కిలోమీటర్లు నడిపుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారిపోతుంది. ఆ రోజు నుంచి తెలియని ఇంజిన్‌లో ఫ్లష్ పొయ్యలేదు.

మడ్డి అంటే మాడిపోయిన ఆయిల్, దానికి తోడు తేమ, పెట్రోల్ ఆవిరి, మసి. అది ఏళ్ల తరబడి పేరుకుంది, ఒక్క పూటలో కరిగిస్తే పెళ్లలుగా ఊడి కిందకొస్తుంది. మెల్లగా కరిగితే ఆయిల్‌లో కలిసి ఫిల్టర్లో చిక్కుకుంటుంది. కాబట్టి పద్ధతి ఇదీ, ముందు వాల్వ్ కవర్లు తీసి లోపల ఎంత ఉందో కళ్లతో చూడండి. మూత కింద ఉన్నంత మాత్రాన లోపలంతా అలాగే ఉంటుందని లేదు. లోపల కూడా గడ్డకట్టి ఉంటే సంప్ దింపి ఆ జల్లెడ శుభ్రం చేయించండి, చేత్తో తీయగలిగినంత మడ్డి చేత్తోనే తీయించండి. మీ ఎం62 వీ8లో ఇంకో కారణం కూడా ఉంది, టైమింగ్ చైన్‌కి ఆనుకునే గైడ్లు ప్లాస్టిక్‌వి, వయసుకి పెళుసైపోయి ముక్కలు సంప్‌లో పడతాయి. సంప్ దింపినప్పుడు గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే ఆయిల్ గురించి మాట్లాడటం ఆపేసి చైన్ గైడ్ల పని మొదలుపెట్టండి, ఏ ఆయిలూ దాన్ని బాగుచెయ్యలేదు.

ఇవన్నీ అయ్యాక మంచి డిటర్జెంటున్న ఏ3/బీ4 ఆయిల్ పోసి మొదటిసారి 1500 కిలోమీటర్లకే మార్చేయండి, రెండోసారి 3000కి, ఆ తర్వాత మూత కింద రంగు చూసుకుంటూ పెంచుకోండి. ఈ రెండు సార్లకి ఖరీదైనదే పొయ్యక్కర్లేదు, అప్రూవల్ ఉంటే చాలు, ఎలాగూ పారబోసేదే. పారబోసేది మాత్రం కాలవలో కాదు, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. మార్చిన ప్రతిసారీ ఫిల్టర్‌లోని కాయితం మడతలు విప్పి వెలుతుర్లో చూడండి. నల్లటి రేణువులు ఉంటే మడ్డి కరుగుతోంది, మంచిదే. మెరిసే లోహం రజను కనిపిస్తే మాత్రం బేరింగ్ మాట్లాడుతున్నట్టు, బండి పక్కన పెట్టండి.

అన్నట్టు మూత కింద నల్లగా కాకుండా తెల్లగా వెన్నలా ఉంటే కథ వేరు. చిన్న చిన్న దూరాలే తిరుగుతూ ఇంజిన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కకపోతే తేమ అలా పడుతుంది, ఓసారి దూరం తిప్పితే పోతుంది. పోకపోతే, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించండి.

ప్రశ్న: నమస్తే సార్. మా నాన్నగారు ఎంతో ఇష్టంగా దాచుకున్న 1978 రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో 2 ఇప్పుడు నా చేతికొచ్చింది. నెలకి రెండు మూడుసార్లు తిప్పుతాను అంతే. దానికి అన్నిటికంటే ఖరీదైన కొత్త సింథటిక్ ఆయిలే పోయాలని ఉంది. మంచిదేనా?

మీ ఆపేక్ష నాకర్థమైందమ్మా, కానీ ఇక్కడ ఖరీదైనదీ కొత్తదీ అంటే మంచిదని కాదు. మీ బండిలో ఉన్నది 6.75 లీటర్ల వీ8, పుష్‌రాడ్ ఇంజిన్. ఆ డిజైన్ పుట్టింది 1959లో, మార్పులు చేర్పులతో బెంట్లీ ముల్సాన్‌లో 2020 దాకా బతికింది, అంత గొప్ప ఇంజిన్. దాంట్లో కామ్‌షాఫ్ట్ నేరుగా ట్యాపెట్ అడుగు మీద రాసుకుంటూ తిరుగుతుంది, మధ్యలో రోలర్ ఉండదు. అలా రాసుకునే చోట లోహాన్ని కాపాడేది జింకూ ఫాస్ఫరస్ కలిసిన ఒక అడిటివ్, దాన్నే జెడ్‌డీడీపీ అంటారు. కొత్త కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ఫాస్ఫరస్ పాడు చేస్తుందని 2004లో ఏపీఐ ఎస్ఎం అనే రేటింగు వచ్చినప్పుడు 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి మించకుండా కట్టేశారు, తర్వాత వచ్చిన ఎస్ఎన్, ఎస్‌పీల్లో కూడా అంతే. అంటే షెల్ఫ్ మీద అన్నిటికంటే కొత్త రేటింగు ఉన్న 5డబ్ల్యూ-30 తెచ్చి మీ షాడోలో పోస్తే, ఆయిల్ మంచిదే, మీ కామ్‌షాఫ్ట్‌కి కావాల్సింది మాత్రం అందులో తక్కువ. పైగా పల్చన.

మీకు కావాల్సింది 20డబ్ల్యూ-50, పాత కార్ల కోసమని చేసినది, జింక్ ఎంతుందో డబ్బా మీద గానీ డేటా షీట్‌లో గానీ రాసినది. మినరలైనా చాలు. సింథటిక్కే కావాలని మనసు లాగితే పాత ఇంజిన్ల కోసం చేసిన 15డబ్ల్యూ-50, 20డబ్ల్యూ-50 సింథటిక్‌లు కూడా దొరుకుతాయి. జింక్ తక్కువుంది కదా అని విడిగా సీసాల్లో దొరికే జింక్ అడిటివ్ కొలత లేకుండా కలపొద్దు, ఎక్కువైనా చేటే.

నెలకి రెండు మూడుసార్లే అన్నారు కాబట్టి కిలోమీటర్లు చూడకండి, తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చండి. ఆగి ఉన్న ఇంజిన్‌లో తేమా, కాలగా మిగిలిన ఆమ్లాలూ ఆయిల్‌లోనే కూర్చుని బేరింగుల్ని తింటాయి. తీసినప్పుడు రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యడం కంటే తియ్యకపోవడమే నయం, తీస్తే అరగంటైనా తిప్పండి.

మీరు అడగలేదు గానీ ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మీ షాడోలో బ్రేకులకీ వెనక సస్పెన్షన్‌కీ ఉన్న హైడ్రాలిక్స్‌లో పోసేది ఆర్ఆర్363 అనే బ్రేక్ ఫ్లూయిడ్. 1980లో దీని తర్వాత వచ్చిన సిల్వర్ స్పిరిట్‌లో మాత్రం మినరల్ ఆయిల్ పోస్తారు. ఎవరైనా రోల్స్ రాయిసే కదా అని ఒకదాంట్లో పోసేది ఇంకోదాంట్లో పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి, బ్రేకులే పోతాయి. బండి ఎవరికిచ్చినా రిజర్వాయర్ మూత మీద చీటీ అంటించి ఇవ్వండి.

ప్రశ్న: ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ మినరల్‌కి రాకూడదంటారు, రెండూ కలిస్తే గడ్డకడుతుందంటారు. నిజమేనా?

రెండూ నిజం కాదు. ఏపీఐ రేటింగున్న ఇంజిన్ ఆయిళ్లు ఒకదాంతో ఒకటి కలవాలన్నది రూలే, అసలు సెమీ సింథటిక్ అంటేనే రెండూ కలిపినది కదా. దారిలో ఆయిల్ తగ్గిపోయి మీ బ్రాండ్ దొరక్కపోతే దొరికింది పోసుకుని ఇంటికి రండి, తక్కువ ఆయిల్‌తో నడపడం కంటే అది వెయ్యి రెట్లు నయం. కాకపోతే కలిపినదాంట్లో ఖరీదైన ఆయిల్ గుణాలు అన్నీ ఉంటాయని అనుకోకండి, తర్వాతి సర్వీసు కొంచెం ముందే చేయించండి.

ప్రశ్న: నాది 1999 మెర్సిడెస్ ఈ320, డబ్ల్యూ210, వీ6. పాత బండే కదా అని మినరల్ 15డబ్ల్యూ-40 పోయిస్తున్నా, డ్యాష్‌బోర్డ్‌లో సర్వీస్ మెసేజ్ వచ్చినప్పుడే మారుస్తున్నా. కరెక్టేనా?

కాదండీ, ఇక్కడ కథ పూర్తిగా తిరగబడుతుంది! మీ ఎం112 ఇంజిన్ పాతదే గానీ సింథటిక్ కాలానికి పుట్టిన ఇంజిన్. నడిపే తీరుని బట్టి సర్వీస్ దూరం కారే లెక్కేసి చెప్పే సిస్టమ్ దాంట్లో ఉంది, ఆ లెక్క మంచి సింథటిక్ పోశారని నమ్మి వేస్తుంది. అంత దూరం మినరల్ ఆయిల్ నిలబడలేదు, మాడి మడ్డి అవుతుంది. అమెరికాలో సరిగ్గా ఈ గొడవ మీదే, 1998 నుంచి 2001 మోడళ్ల ఓనర్లంతా కలిసి కేసు వేస్తే 2003లో సెటిల్‌మెంట్ అయ్యింది, సింథటిక్కే పొయ్యాలని మాకు సరిగ్గా చెప్పలేదన్నది వాళ్ల వాదన.

మీరు ఇప్పుడే ఎంబీ 229.5 ఉన్న 5డబ్ల్యూ-40కో 0డబ్ల్యూ-40కో మారండి. 229.51 అని కూడా ఉంటుంది, అది డీజిల్ ఫిల్టర్లున్న కార్ల కోసం బూడిద తగ్గించి చేసినది, మీకు 229.5 చాలు. ఈ ఇంజిన్ చాలా ఎక్కువ ఆయిల్ పట్టుకుంటుంది, ఇదే కుటుంబంలోని ఎం113 వీ8కైతే సుమారు 8 లీటర్లు పడుతుంది, కాబట్టి మామూలు కారు లెక్కన నాలుగు లీటర్ల డబ్బా ఒక్కటి తెచ్చి సరిపెట్టేవాళ్లతో జాగ్రత్త. డ్యాష్‌బోర్డ్ ఎంత చెప్పినా ఈ వయసు బండికి 10 వేలకో ఏడాదికో, ఏది ముందొస్తే దానికి మార్చేయమని నా సలహా. ఇన్నాళ్లు మినరల్‌తో నడిచింది కాబట్టి పైన 740ఐ ఆయనకి చెప్పినట్టు ఓసారి వాల్వ్ కవర్ తీయించి చూసుకోండి.

చూశారా, 1989 బెంజికి మినరల్ ఫర్వాలేదన్నా, 1999 బెంజికి వద్దే వద్దన్నా. బండి వయసు చూసి ఆయిల్ నిర్ణయిస్తే ఇక్కడే దెబ్బ తింటాం, ఆ ఇంజిన్‌ని ఏ ఆయిల్ తలుచుకుని చేశారన్నదే చూడాలి, అది మాన్యువల్‌లో ఉంటుంది.

ప్రశ్న: ఫుల్లీ సింథటిక్ అని రాసినవన్నీ ఒకటేనా? రేట్లలో అంత తేడా ఎందుకు?

ఒకటి కాదు. బేస్ ఆయిళ్లని ఏపీఐ ఐదు గ్రూపులుగా పెట్టింది. మొదటి రెండూ మామూలు మినరల్, మూడోది ముడి చమురునే బాగా శుద్ధి చేసి హైడ్రోజన్‌తో మార్చినది, నాలుగోది పీఏఓ, ఎస్టర్లు లాంటివి ఐదోది. 1990లలో క్యాస్ట్రాల్ వాళ్లు గ్రూప్ 3ని సింథటిక్ అని అమ్మితే మొబిల్ వాళ్లు అభ్యంతరం పెట్టారు, 1999లో అమెరికా ప్రకటనల వివాదాలు చూసే సంస్థ క్యాస్ట్రాల్ వైపే చెప్పింది. అప్పట్నుంచి గ్రూప్ 3 ఉన్నా డబ్బా మీద సింథటిక్ అని రాసుకుంటున్నారు. జర్మనీలో మాత్రం ఆ పదానికి ఇంకా పీఏఓ, ఎస్టర్ అన్న అర్థమే.

దీనికి బాధపడక్కర్లేదు, మంచి గ్రూప్ 3 ఆయిల్ నిజంగా మంచి ఆయిలే. ముందు వైపు పెద్ద అక్షరాలు కంపెనీ వాళ్లు రాసుకునేవి, వెనక వైపు 229.5, ఎల్ఎల్-01, ఏ3/బీ4 అన్నవి టెస్టులో గెలుచుకోవాల్సినవి. అక్కడ కూడా ఒక మెలికుంది, అప్రూవ్డ్ అని ఉంటే ఆ కార్ కంపెనీ ఒప్పుకున్నట్టు, రికమెండెడ్ అనో సరిపోతుందనో ఉంటే ఆయిల్ కంపెనీ తనకి తాను అనుకున్నట్టు. రెండిట్లో మొదటిదే కొనండి.

ప్రశ్న: జాగ్వార్ ఎక్స్‌జే6, 4.2 ఇంజిన్ మొత్తం విప్పి బోర్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాం. మొదటి నుంచే సింథటిక్ పోసేద్దామా?

ఆగండి, తొందరపడొద్దు. కొత్త రింగులు సిలిండర్ గోడకి పట్టాలంటే మొదట్లో కొంచెం రాపిడి కావాలి, మరీ జారుడుగా ఉంటే గోడ నున్నగా మెరిసిపోయి రింగులు కూర్చోవు, ఆ తర్వాత జీవితాంతం ఆయిల్ తాగుతుంది. మినరల్ 20డబ్ల్యూ-50, జింక్ బాగా ఉన్నది పోసి మొదలుపెట్టండి. స్టార్ట్ చేసే ముందే ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పండి. మొదటి 500 కిలోమీటర్లకి ఆయిలూ ఫిల్టరూ మార్చండి, ఒకే స్పీడులో గంటల తరబడి నడపకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపండి, ఇంకో 1500 నడిచాక మళ్లీ మార్చండి. అప్పుడు పొగ లేకపోతే, తాగడం ఆగిపోతే సింథటిక్ ఆలోచించొచ్చు. అయితే ఈ ఎక్స్‌కే ఇంజిన్‌లో వెనక క్రాంక్ సీలు పాతకాలపు తాడు రకం, కొత్తది వేసినా ఒకట్రెండు చుక్కలు రాల్చడం దానికి సహజం. 5డబ్ల్యూ పోస్తే చల్లగా ఉన్నప్పుడు ఇంకో రెండు చుక్కలు ఎక్కువ రాలొచ్చు, కాబట్టి మారినా 15డబ్ల్యూ-50 లేదా 20డబ్ల్యూ-50 సింథటిక్‌కే మారండి, కింద ఒక ట్రే పెట్టుకుని వారానికోసారి ఎంత పడిందో చూసి రాసుకోండి. అలాగే ఉంటే వదిలెయ్యండి, పెరుగుతుంటే నాకు మళ్లీ రాయండి.